డీసీకి (డెలివరీ చలానాకి) బిల్లు వేస్తే స్టాకు రెండుసార్లు తగ్గుతోంది – ట్యాలీలో ఎక్కడ తప్పు చేశాను?

తెనాలి_లెడ్జర్ | 2025 అక్టోబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలిలో పైపులు, శానిటరీ సామాన్లు అమ్మే కొట్టులో మూడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ట్యాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. మా టర్నోవర్ 5 కోట్ల లోపే కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) మాకు లేదు.

ఆగస్టు వరకు సరుకు వెళ్లిన రోజే బిల్లు వేసేవాళ్లం. బిల్డర్లు నెలకు నాలుగైదు సార్లు సరుకు తీసుకెళ్తున్నారని, నెలాఖరున ఒకే బిల్లు కావాలంటున్నారని సెప్టెంబర్ నుంచి పద్ధతి మార్చాం. గోడౌన్ నుంచి సరుకు వెళ్లేటప్పుడు డెలివరీ నోట్, అంటే డీసీ, వేస్తున్నాం. 30వ తేదీన ఆ డీసీలన్నీ పక్కన పెట్టుకుని సేల్స్ బిల్లులు వేశాను. మొత్తం 61 డీసీలు, 22 బిల్లులు.

దసరా సెలవులయ్యాక స్టాకు లెక్క పెడితే గుండె ఆగినంత పనైంది. 4 అంగుళాల ఎస్‌డబ్ల్యూఆర్ (డ్రైనేజీ) పైపులు గోడౌన్‌లో 71 ఉన్నాయి. ట్యాలీలో మాత్రం మైనస్ 46! సెప్టెంబర్ మొదట్లో 80 ఉన్నాయి, మధ్యలో 120 కొన్నాం. ఇలాంటి ఐటమ్స్ ఇంకో ముప్పై దాకా ఉన్నాయి. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను) వేయాలి. ఓనరు గారికి ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

నల్గొండ_సిమెంట్ | అక్టోబర్ 7, రాత్రి 10:05

కంగారు పడకండి మేడమ్. ఫిజికల్ స్టాక్ వోచర్ (ట్యాలీలో స్టాకు సరిచేసే ఎంట్రీ) ఒకటి వేసి గోడౌన్‌లో ఎంతుందో అంత కొట్టేయండి. 71 అని వేస్తే 71 చూపిస్తుంది. మేము ప్రతి మార్చిలో అదే చేస్తాం.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 7, రాత్రి 10:31

అన్నా, మంచి మనసుతో చెప్పారు కానీ ఆ పని ఇప్పుడే చేయొద్దు. తేడా ఎందుకొచ్చిందో తెలియకముందే అంకె సరిచేస్తే తేడా పోదు, కనపడకుండా పోతుంది అంతే.

తెనాలి అమ్మాయీ, రెండు విషయాలు చూసి చెప్పు. ఒకటి, బిల్లు వేసేటప్పుడు ఐటమ్ పేరు కొట్టాక వచ్చే చిన్న స్క్రీన్‌లో ట్రాకింగ్ నంబర్ దగ్గర ఏం పెట్టావు? రెండు, ఆల్ట్ జీ నొక్కి సేల్స్ బిల్స్ పెండింగ్ అనే రిపోర్టు తెరువు. అందులో ఏముంది?

తెనాలి_లెడ్జర్ | అక్టోబర్ 7, రాత్రి 11:02

గారూ, ఇప్పుడే ఇంట్లో లాప్‌టాప్‌లో చూశాను. ట్రాకింగ్ నంబర్ దగ్గర అన్నింటికీ నాట్ అప్లికబుల్ అని ఉంది. అది అడిగిన ప్రతిసారీ ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. సేల్స్ బిల్స్ పెండింగ్‌లో 61 డీసీలూ అలాగే ఉన్నాయి. సరుకు ఇచ్చాం, బిల్లు కాలేదు అని చూపిస్తోంది. బిల్లులు వేశాను కదా!

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 8, ఉదయం 6:15

దొరికింది. నువ్వు డీసీని బిల్లుగా మార్చలేదమ్మా. డీసీ పక్కన ఇంకో కొత్త అమ్మకం రాశావు. కాగితం మీద చూస్తే రెండూ ఒకటే, ట్యాలీకి మాత్రం అవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు లావాదేవీలు.

కొటేషన్ వేస్తే స్టాకు కదలదు, ఖాతా కదలదు, పన్ను కదలదు. సేల్స్ ఆర్డర్ కూడా అంతే, ఇంత సరుకు ఇవ్వాల్సి ఉందని గుర్తు పెట్టుకుంటుంది. డెలివరీ నోట్ వేస్తే స్టాకు తగ్గుతుంది, కానీ పార్టీ ఖాతాలో పైసా పడదు. సేల్స్ బిల్లు వేస్తే పార్టీ ఖాతా, అమ్మకం, జీఎస్టీ మూడూ పడతాయి. మరి స్టాకు? ట్రాకింగ్ నంబర్ దగ్గర ఫలానా డీసీ అని చెబితే, స్టాకు అప్పుడే తగ్గింది కదా అని ఊరుకుంటుంది. నాట్ అప్లికబుల్ అని చెబితే, డీసీ లేకుండా నేరుగా అమ్మారనుకుని మళ్లీ తగ్గిస్తుంది.

నీ పైపుల లెక్కే చూడు. 80, 120 కలిపి 200. చేతిలో 71 ఉన్నాయి కాబట్టి డీసీల మీద వెళ్లినవి 129. పుస్తకంలో మైనస్ 46 రావాలంటే 71 నుంచి ఇంకో 117 తగ్గాలి. అంటే నువ్వు బిల్లు వేసింది 117కి. 129కి, 117కి తేడా 12. ఆ 12 పైపులు ఏ డీసీలో ఉన్నాయో, వాటికి బిల్లు పడిందో లేదో ఫిజికల్ స్టాక్ వోచర్ వేసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే రాత్రి అడ్డుపడ్డాను.

ముందు బ్యాకప్ తీసుకో. తర్వాత ఒక్కో బిల్లు తెరిచి, ఐటమ్ మీద ఎంటర్ కొట్టి, నాట్ అప్లికబుల్ తీసేసి ఆ సరుకు వెళ్లిన డీసీ నంబర్ ఎంచుకో. ఒక బిల్లులో అదే పైపు నాలుగు డీసీల మీద వెళ్లి ఉంటే ఆ చిన్న స్క్రీన్‌లోనే నాలుగు వరుసలు వేయాలి, ఒక్కో వరుసకు ఒక్కో డీసీ. రేటు, డిస్కౌంట్ మారకుండా చూసుకో. బిల్లు నంబర్, తేదీ, మొత్తం మారకూడదు, సేవ్ చేసే ముందు పాత ప్రింటుతో సరిచూడు. పార్టీకి ఇచ్చిన కాగితంలో ఏమీ మారదు కాబట్టి బిల్లు రద్దు చేయాల్సిన పని లేదు. ఒక్కో బిల్లు అయ్యాక సేల్స్ బిల్స్ పెండింగ్ చూస్తూ ఉండు, జాబితా కరుగుతూ వస్తుంది.

ఇక మీదట అయితే ఇంత శ్రమ ఉండదు. సేల్స్ వోచర్‌లో పార్టీ పేరు కొట్టగానే వచ్చే డిస్పాచ్ వివరాల దగ్గర డెలివరీ నోట్ నంబర్లు ఎంచుకుంటే ఐటమ్స్, క్వాంటిటీలు వాటంతట అవే వస్తాయి.

ఆర్టికల్_అమీర్‌పేట | అక్టోబర్ 8, ఉదయం 8:50

సార్, ఒక సందేహం. నేను సీఏ ఆర్టికల్స్ చేస్తున్నాను. డెలివరీ నోట్‌నే తెరిచి, వోచర్ రకాన్ని సేల్స్‌గా మార్చేస్తే సరిపోదా? పేమెంట్‌ని రిసీట్‌గా అలా మార్చడం మా ఆఫీసులో చూశాను. 22 బిల్లులు తెరవడం కంటే సులువు కదా.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 8, ఉదయం 9:20

మంచి ప్రశ్న బాబూ. రకం మార్చడం, కన్వర్ట్ చేయడం ఒకటి కాదు. పేమెంట్ బదులు పొరపాటున రిసీట్ వేశావనుకో, అసలు జరిగిందే పేమెంట్ కాబట్టి రకం మార్చడం సరే. అది తప్పు దిద్దడం. ఇక్కడ డీసీ నిజంగా జరిగింది. లారీ డ్రైవరు చేతిలో ఆ నంబరుతో కాగితం వెళ్లింది, సైటులో మేస్త్రీ సంతకం పెట్టాడు. దాన్నే సేల్స్‌గా మార్చేస్తే డీసీ పుస్తకంలోంచి మాయమవుతుంది. రేపు బిల్డరు "ఈ సరుకు మాకు రాలేదు" అంటే చూపించడానికి నీ దగ్గర ఏముంటుంది?

పైగా జీఎస్టీఆర్-1లో 13వ టేబుల్ ఉంది. ఇన్‌వాయిస్‌లు ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా, ఎన్ని రద్దయ్యాయి అని చెప్పాలి. డెలివరీ చలానాలకూ అందులో వరుస ఉంది. మధ్యలో నంబర్లు ఎగిరిపోతే అక్కడ జవాబు చెప్పుకోవాలి. మీ ఆఫీసులో కంపెనీల ఆడిట్లు కూడా ఉంటాయి కదా, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపే వీలుండకూడదు. వోచర్ రకం మార్చిన సంగతి అందులో పడుతుంది. ఎందుకు మార్చారో ఆడిటర్‌కు చెప్పగలిగితేనే మార్చాలి.

కూకట్‌పల్లి_ఈఆర్‌పీ | అక్టోబర్ 8, ఉదయం 11:10

నేను చిన్న ఫ్యాక్టరీలకు ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిస్తుంటాను. మా క్లయింట్లకు మొదటి రోజు చెప్పే మాట ఇదే: కొత్త డాక్యుమెంట్ ఎప్పుడూ పాతదాని కడుపులోంచి పుట్టాలి. కొటేషన్ తెరిచి క్రియేట్ బటన్ మీద సేల్స్ ఆర్డర్, ఆర్డర్ తెరిచి అందులోంచి డెలివరీ నోట్, దాంట్లోంచి సేల్స్ ఇన్‌వాయిస్. అలా చేస్తే ఆర్డర్ మీద ఎంత శాతం డెలివరీ అయింది, ఎంత శాతం బిల్లయింది అని అదే చూపిస్తుంది. మెనూలోకి వెళ్లి కొత్త ఇన్‌వాయిస్ విడిగా టైప్ చేస్తే ఆర్డర్ ఎప్పటికీ "డెలివరీ, బిల్లు చేయాలి" అనే ఉంటుంది. తెనాలి మేడమ్ గారికి జరిగింది కూడా ఇదే, సాఫ్ట్‌వేర్ పేరు వేరు అంతే.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇంకో జాగ్రత్త కావాలి. సబ్మిట్ చేసిన డాక్యుమెంట్‌ను మార్చాలంటే క్యాన్సిల్ చేసి అమెండ్ చేయాలి, అప్పుడు నంబరు చివర -1 తగులుతుంది. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు. అందులో వచ్చే డిఫాల్ట్ సిరీస్ ఏసీసీ, ఎస్ఐఎన్‌వీ, సంవత్సరం, ఐదంకెల సంఖ్య, మధ్యలో గీతలతో కలిపి లెక్కపెడితే ఇంగ్లిష్ అక్షరాల్లో 19 అవుతుంది. కాబట్టి మొదటి బిల్లు వేయకముందే సిరీస్ పొట్టిగా పెట్టుకోవాలి, అమెండ్ అయితే వచ్చే రెండు అక్షరాలకు కూడా చోటు వదలాలి.

వరంగల్_మెడికల్_హోల్‌సేల్ | అక్టోబర్ 8, మధ్యాహ్నం 2:30

మందుల వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇది రోజువారీ పని. ఒక్కో మెడికల్ షాపు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి పది స్ట్రిప్పులు, ఐదు సీసాలు అంటుంది. చలానా మీద పంపి, తర్వాత అన్నీ కలిపి బిల్లు చేస్తాం. మేము వాడే మార్గ్ సాఫ్ట్‌వేర్‌లో చలానా టు బిల్ అని దీనికే ఉంది. పార్టీని ఎంచుకుంటే పెండింగ్ చలానాలన్నీ వస్తాయి, టిక్ పెట్టుకుంటూ పోవడమే.

మా దగ్గర కన్వర్ట్ చేయకుండా విడిగా టైప్ చేస్తే స్టాకు ఒక్కటే కాదు, బ్యాచ్ కూడా తప్పుతుంది. చలానా మీద ఒక బ్యాచ్ వెళ్తుంది, బిల్లు టైప్ చేసే కుర్రాడు జాబితాలో మొదట కనిపించిన బ్యాచ్ కొడతాడు. ఆరు నెలల తర్వాత షాపువాడు ఎక్స్‌పైరీ వెనక్కి పంపితే, ఆ బ్యాచ్ ఆ షాపుకు అమ్మినట్టే మా పుస్తకంలో ఉండదు. ఇక కంపెనీకి క్లెయిమ్ ఎలా పెడతాం? మా పాత కుర్రాడు ఇలా చేసిన కొన్ని బ్యాచ్‌లు తేల్చడానికి నేనూ మా తమ్ముడూ ఒక ఆదివారమంతా చలానా పుస్తకాలు తిరగేశాం.

ఇంకో సంగతి. సెప్టెంబర్ 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది కదా. పాత రేటు చలానాలు కొత్త రేటు రోజుల్లోకి రాకూడదని 21వ తేదీ ఆదివారమైనా రాత్రి దాకా కూర్చుని పెండింగ్ చలానాలన్నీ బిల్లు చేసేశాం. ఒక్కటి కూడా మిగల్చలేదు.

నల్గొండ_సిమెంట్ | అక్టోబర్ 8, సాయంత్రం 6:45

నిన్న ఫిజికల్ స్టాక్ సలహా ఇచ్చింది నేనే. గాంధీనగర్ సార్ చెప్పిన 12 పైపుల లెక్క చదివాక అర్థమైంది, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్.

వరంగల్ అన్న రేటు మాట ఎత్తారు కాబట్టి నాకు జరిగింది చెప్తాను. సెప్టెంబర్ 10న ఒక కాంట్రాక్టరుకు 200 బస్తాల సిమెంట్‌కు ఎస్టిమేట్ ఇచ్చాను. బస్తా 300 లెక్కన 60,000, అప్పటి 28 శాతం జీఎస్టీ 16,800, మొత్తం 76,800. ఆయన 24వ తేదీన సరే పంపమన్నారు. అప్పటికే 22 నుంచి సిమెంట్ 18 శాతానికి వచ్చింది. ఐటమ్ మాస్టర్‌లో 18 మార్చి పెట్టాను కూడా. ఎస్టిమేట్ తెరిచి బిల్లుగా మార్చమని బటన్ నొక్కాను, ప్రింట్ తీశాను, లారీ పంపాను. మర్నాడు కాంట్రాక్టరు మనిషి ఫోన్: "ఇంకా 28 ఏంటి?" అని.

కన్వర్ట్ అయినప్పుడు సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లోని కొత్త రేటు తీసుకోలేదు, ఎస్టిమేట్ వేసిన రోజున అందులో పడిన 28నే మోసుకొచ్చింది. అందులో దాని తప్పేమీ లేదు, పాత కాగితంలో ఉన్నది ఉన్నట్టు తేవడమే కదా దాని పని. నేను చూసుకోవాల్సింది. 6,000 రూపాయల పన్నుకు క్రెడిట్ నోట్ (బిల్లులో ఎక్కువ పడినది తగ్గించే కాగితం) ఇచ్చాను. ఆయన నన్ను మోసగాడు అనుకున్నాడేమో అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. పాతికేళ్ల పరిచయం మాది.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 8, రాత్రి 8:10

సరైన పనే చేశారు అన్నా. ఎక్కువ వేసిన పన్నుకు జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోటే దారి. బిల్లు తెరిచి అంకె మార్చడం కాదు, ఎందుకంటే కాగితం అప్పటికే ఆయన చేతిలో ఉంది. అలాంటి క్రెడిట్ నోటును ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటకుండా రిటర్నులో చూపాలి, ఆ ఏడాది వార్షిక రిటర్ను అంతకుముందే వేసేస్తే ఆ రోజు దాకానే. మీకు చాలా టైముంది.

వైజాగ్_ఇంటీరియర్స్ | అక్టోబర్ 8, రాత్రి 9:30

మాది సర్వీసు వ్యాపారం, జోహో బుక్స్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాం. కోట్‌ని క్లయింటు ఒప్పుకోగానే కన్వర్ట్ టు ఇన్‌వాయిస్. హాయిగా ఉంటుంది. కానీ మొదట్లో మా ఇన్‌వాయిస్‌ల కింద "ఈ కొటేషన్ 15 రోజులు మాత్రమే చెల్లుతుంది" అని వచ్చేది! కోట్ అడుగున రాసుకున్న నోట్స్, షరతులు ఇన్‌వాయిస్‌లోకి కూడా తీసుకెళ్లాలా వద్దా అనేది కోట్స్ సెట్టింగ్స్‌లో మనమే ఎంచుకోవచ్చు. అది తెలియక మూడు నెలలు అలాగే పంపాం. ఒక క్లయింటు ఆఫీసు అకౌంట్స్ వాళ్లు "ఇది ఇన్‌వాయిసా, కొటేషనా" అని తిప్పి పంపితే అప్పుడు తెలిసింది.

గాంధీనగర్ గారూ, మాకు అడ్వాన్స్ 40 శాతం వస్తుంది. ఆ అడ్వాన్స్ కోసం ప్రొఫార్మా (అసలు బిల్లుకు ముందు ఇచ్చే నమూనా బిల్లు) ఇచ్చి, పని అయ్యాక దాన్నే ఇన్‌వాయిస్‌గా మారుస్తున్నాం. అది సరేనా?

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 8, రాత్రి 10:00

ప్రొఫార్మా డబ్బు అడగడానికే అమ్మా, పన్ను విషయంలో దానికి విలువ లేదు. వస్తువుల మీద అడ్వాన్స్‌కు జీఎస్టీ కట్టాల్సిన పని 2017 నవంబర్ 15 నుంచి లేదు. సర్వీసులకు ఆ మినహాయింపు లేదు. మీకు డబ్బు చేతికొచ్చిన రోజే 40 శాతం మీద పన్ను పడుతుంది, రిసీట్ వోచర్ ఇవ్వాలి. పని రెండు నెలల తర్వాత పూర్తయి అప్పుడు ప్రొఫార్మాను ఇన్‌వాయిస్‌గా మారిస్తే, రెండు నెలల ఆలస్యానికి వడ్డీ మీ మెడకు చుట్టుకుంటుంది. పని రద్దయి డబ్బు వెనక్కిస్తే రిఫండ్ వోచర్. ఈ రెండు కాగితాలూ చాలా మంది వేయడం లేదు.

తెనాలి_లెడ్జర్ | అక్టోబర్ 8, రాత్రి 10:40

22లో 9 బిల్లులు పూర్తి చేశాను. పైపులు మైనస్‌లోంచి ప్లస్‌లోకి వచ్చాయి! ఓనరు గారికి కూడా చెప్పేశాను. కోప్పడలేదు, "ముందు సరిచెయ్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ప్రొఫార్మా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మేము ట్యాలీలో కంట్రోల్ ఎల్ నొక్కి సేల్స్ వోచర్‌ను ఆప్షనల్ చేసి ప్రొఫార్మా ప్రింట్ ఇస్తాం. ఆర్డర్ ఖాయమైతే మళ్లీ కంట్రోల్ ఎల్ నొక్కి మామూలు బిల్లు చేస్తాం. ఇది కన్వర్ట్ చేసినట్టేనా?

ఆర్టికల్_అమీర్‌పేట | అక్టోబర్ 8, రాత్రి 11:15

ఇది నాకు తెలుసు అక్కా, మా క్లయింటు దగ్గర ఇదే జరిగింది. ఆప్షనల్‌గా ఉన్నంతసేపు అది ఖాతాల్లో పడదు, రెగ్యులర్ చేయగానే పడుతుంది, కాబట్టి కన్వర్ట్ చేసినట్టే. కానీ ప్రొఫార్మా కూడా అసలు బిల్లుల సిరీస్‌లోనే వేస్తే నంబరు తినేస్తుంది. 5వ తేదీ ప్రొఫార్మాకు 112 పడిందనుకోండి. 20న దాన్ని బిల్లు చేస్తే, తేదీ మార్చకపోతే 5వ తేదీ బిల్లుగా పడుతుంది. తేదీ మారిస్తే 20వ తేదీ బిల్లుకు 112, 19వ తేదీ బిల్లుకు 130, అలా తలకిందులవుతుంది. ఆర్డర్ రాకపోతే 112 బిల్లే ఉండదు.

మేము వాళ్లకు సేల్స్ కింద ప్రొఫార్మా అని విడి వోచర్ టైప్ చేయించి, దానికి వేరే నంబర్లు ఇచ్చాం, ఆప్షనల్ అనేది అందులోనే డిఫాల్ట్‌గా పెట్టాం. ఆర్డర్ వచ్చాక దాన్ని తెరిచి, వోచర్ రకం అసలు సేల్స్‌కి, తేదీ ఆ రోజుకి మారుస్తారు. సార్ చెప్పినట్టు ఇక్కడ రకం మార్చినా నష్టం లేదనుకుంటాను, ప్రొఫార్మా మీద సరుకేమీ వెళ్లలేదు కదా. ఆటోమేటిక్ నంబరింగ్ ఉంటే మధ్యలో బిల్లు తీసినా చేర్చినా నంబర్లు మారకుండా పాత నంబరు నిలుపుకునే ఆప్షన్ వోచర్ టైప్‌లో ఉంది, అది కూడా చూసుకోండి.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 9, ఉదయం 6:05

బాగా చెప్పావు బాబూ.

తెనాలి అమ్మాయీ, స్టాకు సంగతి దారిలో పడింది కాబట్టి ఇప్పుడు అసలు మాట చెప్తాను. మొదటి రోజే చెబితే నీ కంగారు ఇంకా పెరిగేదని ఆగాను. సాఫ్ట్‌వేర్ డీసీని నెలాఖరున బిల్లుగా మార్చనిస్తుంది. చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. అమ్మకం సరుకు కదిలేటప్పుడు, సరుకు బయలుదేరే సమయానికో అంతకుముందో ఇన్‌వాయిస్ ఉండాలని సెక్షన్ 31 చెబుతోంది. రూల్ 55 కింద డెలివరీ చలానా జాబ్‌వర్కుకి (పని చేయించడానికి బయటికి పంపే సరుకుకి), అమ్మకం కాని కదలికలకి, బయలుదేరేటప్పుడు క్వాంటిటీ తెలియని గ్యాస్ లాంటి వాటికి. మీ పైపులు ఎన్ని వెళ్తున్నాయో లోడ్ చేసేటప్పుడే తెలుసు. దారిలో అధికారి ఆపి, ఇది అమ్మకమే కదా, ఇన్‌వాయిస్ ఏదీ అంటే ఏం చెబుతారు? సెక్షన్ 129 కింద పట్టుకుంటే పన్నుకు 200 శాతం పెనాల్టీ కడితే కానీ సరుకు వదలరు.

వరంగల్_మెడికల్_హోల్‌సేల్ | అక్టోబర్ 9, ఉదయం 10:20

సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మార్కెట్లో సగం మంది చలానా మీదే పంపుతున్నారు. రోజుకు ఒక షాపుకు రెండు ట్రిప్పులు, ఒక్కోటి 800 రూపాయలది. ప్రతిదానికీ ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయమంటే షాపువాడే గగ్గోలు పెడతాడు. రూల్ 55లోనే నాలుగో ఉపనిబంధన ఉంది కదా, బయలుదేరేటప్పుడు ఇన్‌వాయిస్ ఇవ్వలేకపోతే డెలివరీ అయ్యాక ఇవ్వాలని?

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:15

ఉంది. మీరు చదివారు, సంతోషం. కానీ అందులో ఉన్నది "ఇవ్వడం వీలుకానప్పుడు" అని. కొట్టులో కంప్యూటరు, ప్రింటరు, రేటు, క్వాంటిటీ అన్నీ ఉండగా వీలుకాలేదని చెప్పడం కష్టం.

మీ ఇబ్బంది నిజమైనదే, కాదనను. దారి లేదా అంటే ఉంది. సెక్షన్ 31లోనే కంటిన్యూయస్ సప్లై అని ఉంది. పార్టీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఇన్ని రోజులకోసారి లెక్క చూసుకుని బిల్లు చేస్తామని రాసుకుంటే, ఆ స్టేట్‌మెంట్ రోజుకో పేమెంట్ రోజుకో ఇన్‌వాయిస్ ఇవ్వొచ్చు. ఒప్పందం కాగితం ఉండాలి, చెప్పిన గడువుకు బిల్లు పడాలి, ప్రతి చలానా ఏ బిల్లులో చేరిందో చూపగలగాలి. ఆఖరిది మీ మార్గ్‌లో, ఆ అమ్మాయి ట్యాలీలో సరిగ్గా కన్వర్ట్ చేస్తేనే కుదురుతుంది. మీ ఆడిటర్‌తో కూర్చుని ఆ కాగితం రాయించుకోండి.

చీరాల_నేత | అక్టోబర్ 9, సాయంత్రం 5:40

ఈ చర్చ మా కోసమే జరుగుతున్నట్టుంది. మేము హైదరాబాద్ షాపులకు చీరలు అప్రూవల్ మీద పంపుతాం. చూసి నచ్చినవి ఉంచుకుంటారు, మిగతావి తిప్పి పంపుతారు. పోయిన నెల ఒక షాపుకు 60 పంపితే 41 ఉంచుకుని 19 పంపారు. 60కి చలానా ఉంది. దాన్ని కన్వర్ట్ చేస్తే బిల్లు 60కి వస్తోంది. చేత్తో 41 అని మార్చాను. మిగతా 19 ఎప్పటికీ పెండింగ్ అనే చూపిస్తోంది, స్టాకులోకి రావడం లేదు. ఒక్కో చీర వెనక నాలుగైదు రోజుల మగ్గం పని ఉంటుంది, లెక్కలో పోతే ఊరుకోలేను.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 9, సాయంత్రం 6:30

మీది చలానా మీద పంపాల్సిన సరుకే, అందులో సందేహం లేదు. ట్యాలీ అయితే బిల్లులో ఆ డీసీ ట్రాకింగ్ నంబరు మీదే 41 వేయండి. తిరిగొచ్చిన 19కి రిజెక్షన్ ఇన్ వోచర్ వేసి, అక్కడ కూడా అదే ట్రాకింగ్ నంబరు ఎంచుకోండి. అప్పుడు 60లో 41 బిల్లు, 19 వాపసు, పెండింగ్ సున్నా. చీరలు స్టాకులోకి వస్తాయి. వాటికి క్రెడిట్ నోట్ వేయకండి, అసలు అమ్మనే లేదు కదా.

పంపిన రోజు నుంచి ఆరు నెలలు గుర్తుంచుకోండి. షాపువాడు ఏ సంగతీ తేల్చకపోయినా ఆరు నెలలు నిండేసరికి ఇన్‌వాయిస్ వేయాల్సిందే. డీసీ పెండింగ్ జాబితాను నెలకోసారి తేదీల వారీగా చూడండి, ఐదు నెలలు దాటినదానికి షాపుకి ఫోన్ చేయండి.

కూకట్‌పల్లి_ఈఆర్‌పీ | అక్టోబర్ 9, రాత్రి 8:00

జోహో బుక్స్ వాడేవాళ్లకు ఒక మాట: అందులో డెలివరీ చలానా వేసేటప్పుడే రకం అడుగుతుంది. జాబ్‌వర్క్, అప్రూవల్ మీద సరఫరా, లిక్విడ్ గ్యాస్, ఇతరములు అని. చీరాల అన్న లాంటివాళ్లు అక్కడ అప్రూవల్ అని ఎంచుకోవాలి.

ఈ-ఇన్‌వాయిస్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటితే బీటూబీ (వ్యాపారి నుంచి వ్యాపారికి) బిల్లుకు ఐఆర్ఎన్ (పోర్టల్ ఇచ్చే ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు) తప్పనిసరి. డీసీలోంచి బిల్లు కన్వర్ట్ చేసి, చూసుకోకుండా ఐఆర్ఎన్ తీసేస్తే, రద్దు చేయడానికి పోర్టల్‌లో 24 గంటలే టైము. రద్దు చేసినా ఆ బిల్లు నంబరు మళ్లీ పనికిరాదు. అందుకే కన్వర్ట్ అయిన బిల్లును డ్రాఫ్ట్‌లో ఒకసారి చదివి, అప్పుడే ఐఆర్ఎన్ బటన్ నొక్కమని మా క్లయింట్లకు చెప్తాను.

తెనాలి_లెడ్జర్ | అక్టోబర్ 10, రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా దండాలు. 22 బిల్లులూ అయిపోయాయి. నిన్న, ఇవాళ రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నాను. ఓనరు గారి అమ్మగారు ఇంటి నుంచి టిఫిన్ పంపారు.

గాంధీనగర్ గారూ, మీరు చెప్పిన 12 పైపులు దొరికాయి! పెండింగ్ జాబితా కరిగి కరిగి చివరికి ఒక్క డీసీ మిగిలింది. సెప్టెంబర్ 18న కొల్లిపర దగ్గర సైటుకు వెళ్లింది, 12 పైపులు, 850 చొప్పున 10,200. గోడౌన్ కుర్రాడు ఆ కాపీని వేరే బిల్డరు ఫైల్లో పెట్టాడు. నేను కాగితాలు చూసి బిల్లులు వేశాను కాబట్టి అది నా కంట పడలేదు. ట్యాలీలోంచి డీసీ ఎంచుకుని ఉంటే మొదటి రోజే కనిపించేది. ఫోన్ చేస్తే ఆ బిల్డరు వెంటనే ఒప్పుకున్నారు, మేస్త్రీ సంతకం ఉన్న కాపీ వాట్సాప్‌లో పంపాను.

దీని బిల్లు ఇప్పుడు సెప్టెంబర్ 30 తేదీతో వేసేయమంటారా? జీఎస్టీఆర్-1 ఇంకా వేయలేదు.

గాంధీనగర్_ట్యాక్స్ | అక్టోబర్ 10, రాత్రి 9:50

వెనక తేదీ వద్దమ్మా. ఈ రోజు వేసే కాగితం మీద ఈ రోజు తేదీయే ఉండాలి. ఆ డీసీని ఎంచుకుని బిల్లు వెయ్, డీసీ నంబరు, 18వ తేదీ బిల్లు మీద కనిపించేలా పెట్టు. సరుకు వెళ్లింది సెప్టెంబర్‌లో కాబట్టి పన్ను నెల ఆలస్యమైనట్టే. 10,200 మీద 18 శాతం అంటే 1,836. దానికి ఏడాదికి 18 శాతం చొప్పున నెల వడ్డీ 27 రూపాయల చిల్లర. జీఎస్టీఆర్-3బీలో (పన్ను కట్టే రిటర్నులో) కట్టేసెయ్, పీడా పోతుంది. ఒక ముక్క రాసి ఆ బిల్లు ఆఫీసు కాపీకి పిన్ను చేసి పెట్టు, రేపు ఎవరైనా అడిగితే నువ్వు కొట్టులో లేకపోయినా ఆ కాగితం చెబుతుంది.

నల్గొండ_సిమెంట్ | అక్టోబర్ 10, రాత్రి 10:10

నా మాట విని 71 కొట్టేసి ఉంటే ఆ 10,200 పోయేది మేడమ్. చాలా సంతోషంగా ఉంది.

తెనాలి_లెడ్జర్ | అక్టోబర్ 13, ఉదయం 10:30

జీఎస్టీఆర్-1 శనివారం వేసేశాను. స్టాకు ముప్పై ఐటమ్స్‌లో రెండు తప్ప అన్నీ గోడౌన్‌తో కలిశాయి. ఆ రెండూ పగిలిన వాష్ బేసిన్లు, వాటి లెక్క వేరే.

గాంధీనగర్ గారి మాటలు ప్రింట్ తీసి ఓనరు గారికి చూపించాను. ఈ రోజు నుంచి ప్రతి లోడుకీ బిల్లు వెంటే వెళ్తుంది. నెలవారీ బిల్లు కావాలన్న ఇద్దరు పెద్ద బిల్డర్లతో మాత్రం ఒప్పందం రాయించుకోవడానికి మా ఆడిటర్ గారిని బుధవారం కలుస్తున్నాం. గోడౌన్ కుర్రాడికి కూడా ట్యాలీలో సేల్స్ బిల్స్ పెండింగ్ తెరవడం నేర్పాను, సాయంత్రం కొట్టు కట్టేముందు చూసి నాకు ఫోటో పంపుతాడు.

పొద్దున్న మొదటి లోడు కొల్లిపర సైటుకే వెళ్లింది, బిల్లుతో సహా.